అవధూత గురువులు – నౌపడ తంపర



శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధములో యదుమహారాజు ఒక అవధూతను చూచి ఆశ్చర్యపడును. ఆ మహనీయునికి ఇల్లు లేదు, వాకిలి లేదు, ధనము లేదు, పరివారము లేదు. అయినను ముఖమున ఆనందము నిండియున్నది. ఇట్టి జ్ఞానము ఏ గురువు వద్ద లభించినదని రాజు అడుగగా, ఆయన ఒక్క ఆశ్రమము పేరు గాని, ఒక్క ఆచార్యుని పేరు గాని చెప్పలేదు. భూమి, గాలి, ఆకాశము, నీరు, నిప్పు అని మొదలిడి సూర్యచంద్రులను, సముద్రమును, పావురమును, కొండచిలువను, తుమ్మెదను, ఏనుగును, చేపను, సాలెపురుగును పేర్కొని, నాకు ఇరువదినలుగురు గురువులని లెక్క చెప్పెను.

ఈ కథను మనము అనేక పర్యాయములు విన్నాము. విని, ఇది వైరాగ్యబోధ అని తల ఊపి ఇంటికి పోవుచున్నాము. అందులోని ఒక చిన్న విషయము మాత్రము మన దృష్టికి రాదు. అవధూత ఆ గురువులను పుస్తకములో చదువలేదు; నిలిచి చూచెను. పావురముల జంట గూడు కట్టుట, పిల్లలను పెంచుట, చివరకు వలలో చిక్కుట, ఇంతయు కన్నులార చూడవలెనన్న ఎన్ని దినములు ఆ చెట్టు క్రింద నిలువవలెనో ఆలోచింపుడు. తేనెటీగలు పట్టు పెట్టుట ఒకనాటి పని కాదు. దానిని తేనె తీయువాడు వచ్చి కొల్లగొట్టుట చూడవలెనన్న ఋతువంతయు కనిపెట్టుకొని ఉండవలెను. ఈనాడు పాఠశాలలలో పర్యావరణ విద్య అని పిలుచుచున్న దానికి ఇంతకంటె ప్రాచీనమైన పాఠ్యక్రమము మరియొకటి నాకు కనబడుట లేదు. ఈ వ్యాసమున విన్నవింపదలచినది ఒక్కటే. ఆ పాఠ్యక్రమమును మన నౌపడ తీరమున, మన బిడ్డలకు, మన గురువుల యెదుటనే నడుపవచ్చును. నడుపకున్నచో ఆ గురువులే మనకు దక్కకపోవుదురు.

మొదటి గురువు ఉప్పు. నౌపడ అనగానే లోకమునకు జ్ఞప్తికి వచ్చునది అదియే. హౌరా – చెన్నై రైలు మార్గమున పోవువారికి ఇచ్చటి తెల్లని ఉప్పుకుప్పలు సుపరిచితములు. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహములో ఈ కొఠారుల పేరు కూడ వినబడినది. కాని ఈ మండలమున పుట్టి, దినమునకు రెండు పూటల అన్నములో ఆ ఉప్పునే తినుచున్న బాలుని పిలిచి, అది ఎట్లు తయారగునని అడుగుడు. సముద్రము నీరు ఎండబెట్టిన వచ్చునని చెప్పును. అంతటితో ఆగిపోవును. వానిని ఒక్క ఉదయము మడుల గట్టు మీదికి తీసికొనిపోయినచో ఒక సంవత్సరపు శాస్త్రపాఠము అక్కడ దొరకును.

లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములు కరగి యుండును. ఆ నీటిని పాయలనుండి పెద్ద మడులలోనికి, వానినుండి చిన్న మడులలోనికి క్రమముగా మళ్ళించుచు పోవుదురు. ఎండకు నీరు చిక్కబడు కొలది ముందుగా సున్నపు జాతి లవణములు అడుగున దిగును. తరువాతి మడిలో మనము తినెడి ఉప్పు పలుకులు కట్టును. ఆ పిమ్మట మిగులు నీరు చేదుగా ఉండును. మెగ్నీషియం లవణములు అందులో నిలిచిపోవును. ఆ చేదు నీటిని సమయమునకు తీసివేయనిచో ఉప్పు చెడిపోవును. ఏది ఎప్పుడు దిగునో, ఏది ఎప్పుడు విడువవలెనో ఉప్పు రైతునకు చేతివేళ్ళకు తెలియును. హంస పాలనుండి నీటిని వేరుచేయునని ప్రవచనములలో చెప్పుచుందుము గదా. ఆ వివేకమును ఇక్కడ పంచె ఎగగట్టిన మనుష్యుడు ప్రతి వేసవియందు చేసి చూపుచున్నాడు. పొయ్యి లేదు, కట్టె లేదు, బొగ్గు లేదు. అరసవల్లిలో మనము మ్రొక్కుచున్న సూర్యనారాయణమూర్తియే ఇక్కడ వంటవాడు. అకాలవర్షము ఒక్కటి కురిసినచో పలుకు కట్టిన ఉప్పు మరల నీరగును. శ్రమకు ఫలితము తన చేతిలో లేదని పారాయణలో చదివినవాని కంటె ఈ రైతు ఆ మాటను బాగుగా ఎరుగును.

ఈ కొఠారుల వలెనే మరియొక నేల ఇక్కడ ఉన్నది. దానిని మనవారు తంపర అందురు. సోంపేట వైపున ఇట్టి నేలనే బీల అందురు. పేరు ఏదైనను స్వభావము ఒక్కటి. తూర్పు కనుమలలో పడిన వాన దిగువకు పరుగెత్తుచు వచ్చి, సముద్రములో కలియుటకు ముందు ఈ పల్లములో కొంతకాలము విశ్రమించును. వానకాలమున తంపర నిండును, వేసవికి కుదించుకొనిపోవును. నీరున్నప్పుడు చేప, నీరు తీసినప్పుడు పశువులకు మేత. అంతియే కాదు. తీరప్రాంతమున భూమి క్రింద రెండు నీళ్ళు ఎదురెదురుగా నిలిచి యుండును: మెట్టవైపు నుండి దిగు మంచినీరు, సముద్రము వైపు నుండి చొచ్చుకొనివచ్చు ఉప్పునీరు. పైన నిలిచిన మంచినీటి బరువే ఉప్పునీటిని ఆవలకు నెట్టి పట్టుచున్నది. తంపరను పూడ్చుట అనగా ఆ కావలివానిని తొలగించుట. మొదట బావినీరు కొంచెము ఉప్పగా మారును. ఆ తరువాత ఇంక మారదు, అట్లే యుండిపోవును. ఈ సంగతిని ఊరి ముసలివారు శాస్త్రము చదువకయే ఎరుగుదురు. ఎరుగనివారు సాధారణముగా దూరమునుండి వచ్చి నేలను కొలుచువారు.

ఇక ఈ తంపర మీద ఆధారపడి వచ్చు అతిథుల మాట. టెక్కలి మండలము తేలినీలాపురము గ్రామము ఈనాడు దేశమంతట పక్షిప్రియులకు తెలిసిన ఊరు. పెలికాన్ అని ఇంగ్లీషువారు పిలుచు గూడకొంగలు, పెయింటెడ్ స్టార్క్ అని పిలుచు ఎర్రకాళ్ళ కొంగలు వానకాలము వెనుకబడు సమయమున ఇచ్చటికి చేరి, ఊరి నడుమ చెట్ల మీదనే గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను ఎగురనేర్పి, వేసవి ముదురక ముందే తరలిపోవును. వందలకొలది పెద్ద పక్షులు ఇంటి కప్పుల మీదుగా కాపురముండుట అనిన అది చదువుటకు రమ్యముగా నుండును గాని, ఆ రెట్టలు, ఆ చేపల నీచు వాసన భరించువారికే తెలియును. ఆ గ్రామస్థులు తరతరములుగా భరించుచున్నారు. పక్షులు వచ్చుట శుభమనియు, వానిని కొట్టుట పాపమనియు వారి విశ్వాసము. ఇచ్ఛాపురము దాపున తేలుకుంచిలో చిల్లుముక్కు కొంగల విషయమున కూడ ఇట్టి విశ్వాసమే కలదు. తొలకరితో అవి వచ్చును. అవి వచ్చినచో వానలు బాగుగా పడునని జనుల నమ్మకము. విద్యావంతులు దీనిని మూఢనమ్మకమని నవ్వుట కలదు. నవ్వవలసినది లేదు. ఆ కొంగకు ఆహారము నత్తలు. వాన పడి మడులలో నీరు చేరిననే నత్తలు దొరకును. నత్తలు దొరకిననే పిల్లలను సాకగలదు. పక్షి వానను తెచ్చుట లేదు, వానను అనుసరించి వచ్చుచున్నది. కార్యకారణములు తారుమారైనవే గాని, చూచినది మాత్రము నిజము. చూచినవానికి కారణమును జోడించి చెప్పుటయే ఉపాధ్యాయుని పని.

ఇచ్చట ఒక్క పొరపాటును సరిదిద్దవలసి యున్నది. తేలినీలాపురము పక్షులు సైబీరియా నుండి వచ్చుచున్నవని పత్రికలు వ్రాయును, ఉపన్యాసకులు చెప్పుదురు, బడిపిల్లలు వ్యాసపోటీలలో వ్రాసి బహుమతులు పొందుదురు. వేలకొలది మైళ్ళు ఎగిరి వచ్చిన అతిథి అనిన మనకు గౌరవము ఎక్కువ గదా! కాని ఈ రెండు జాతులును సైబీరియావి కావు. గూడకొంగయు, ఎర్రకాళ్ళ కొంగయు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశముల పక్షులు. ఇక్కడనే పుట్టి, నీరు ఉన్న చోటికి తిరుగుచు, ఇక్కడనే పిల్లలను కనుచున్నవి. ఉత్తరదేశముల నుండి శీతకాలమునకు మన తీరమునకు వచ్చు బాతులు, ఉల్లంకులు వేరుగా కలవు. అవి ఇక్కడ గూళ్ళు కట్టవు. కనుక తేలినీలాపురము చెట్ల మీద ఉన్నవారు పరదేశపు అతిథులు కారు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. ఈ నిజము తెలిసిన పిమ్మట మన బాధ్యత తగ్గినదా, పెరిగినదా, మీరే చెప్పుడు. అతిథి ఒక ఇంట ఆదరణ లేకున్న మరియొక ఇంటికి పోవును. ఆడపడుచునకు ఆ సౌకర్యము లేదు.

పురిటికి వచ్చిన బిడ్డకు ఏమి కావలెను? పడక, ప్రశాంతి, అన్నము. చెట్టు పడక. ఊరివారి సహనము ప్రశాంతి. అన్నము మాత్రము ఊరిలో లేదు. అది తంపరలోను, పాయలలోను ఉన్నది. ఎర్రకాళ్ళ కొంగ వేట విధానమును గమనింపుడు. అది లోతులేని నీటిలో నిలిచి, ముక్కును సగము తెరచి నీటిలో ముంచి, అటు నిటు త్రిప్పుచుండును. కంటితో గాక స్పర్శతో వేటాడును. చేప తగిలిన తోడనే ముక్కు మూసికొనును. నీరు మోకాటి లోతు దాటినచో ఈ వేట సాగదు. పల్లపు నేలను తవ్వి లోతైన చెరువులుగా మార్చినప్పుడు మన కన్నులకు నీరు అట్లే యున్నట్లు, ఇంకను ఎక్కువైనట్లు కనబడును. ఆ కొంగకు మాత్రము వంటిల్లు మూతపడినది. అందుచేత చెట్టును కాపాడి తంపరను విడిచిపెట్టిన ధర్మము సగము ధర్మము. ఆడపడుచునకు మంచము వేసి, వంటింటికి తాళము పెట్టిన పుట్టింటివారిని లోకము ఏమనును? తేలినీలాపురము ఒక్క గ్రామము చేయగలిగినది చేయుచున్నది. చుట్టునున్న ఊళ్ళు, మనము, ఏమి చేయుచున్నామన్నది ప్రశ్న.

2021 డిసెంబరు, 2022 జనవరి మాసములలో ఆ గ్రామమున వందకు పైగా గూడకొంగలు మరణించినవి. గూళ్ళ క్రింద రాలిన కళేబరములను చూచి జనులు కలవరపడిరి. ఇట్టి సమయమున అరిష్టమని భయపడి ఒక శాంతి జరిపించి ఊరకుండుట ఒక మార్గము. శాంతి తప్పు కాదు; దానితో ఆగుట తప్పు. పశువైద్యులు, అటవీశాఖవారు కళేబరములను పరీక్షింపగా, నులిపురుగుల జాతికి చెందిన పరాన్నజీవులు కారణమని తేలినది. ఇట్టి పురుగులు చేపల ద్వారానే పక్షి కడుపులోనికి పోవును. అనగా చెట్టు మీద జరిగిన మరణమునకు బీజము నీటిలో ఉన్నది. ఒక బాలునకు ఈ ఒక్క సంగతిని నిదానముగా వివరించినచో, నీరు, చేప, పక్షి, మనిషి ఒక్క గొలుసు కొలికులని వానికి వేరుగా చెప్పనక్కరలేదు.

తంపరల చరిత్రలో రక్తము కూడ కలదు. బొగ్గు విద్యుత్కేంద్రముల నిర్మాణమును ప్రజలు వ్యతిరేకించిన సందర్భమున 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి ప్రాంతమునను పోలీసు కాల్పులు జరిగి మనుష్యులు ప్రాణములు కోల్పోయిరి. సోంపేట కేంద్రమునకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ అదే దినమున రద్దు చేసినది. రాజకీయములు ఈ పుటలకు తగవు, వానిలోనికి పోను. విద్యకు సంబంధించిన ఒక్క మాట మాత్రము చెప్పవలెను. కాగితము మీద ఆ బీలకు పనికిరాని నేల అని పేరు పడినది. ఆ నేలలో చేప పట్టువాడు, పశువును మేపువాడు, వరి నాటువాడు ఆ పేరు పెట్టలేదు. ఒక నేలను బంజరు అని పిలుచుట నేర్చిన బిడ్డ రేపు అధికారియై ఆ మాటనే సంతకము క్రింద వ్రాయును. కనుక పర్యావరణ విద్య పేర్లతో ఆరంభము కావలెను. తంపర, బీల, పాయ, మొగ, గెడ్డ, మెట్ట, దిబ్బ – ఇన్ని మాటలు మన తాతల నోట ఉన్నవి. మన పిల్లల నోట ఎన్ని ఉన్నవో లెక్కింపుడు.

పేర్ల మాట వచ్చినది గనుక ఉద్దానము సంగతి. ఉద్యానవనము అను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, పనస, మామిడి, జీడి తోటలతో ఆ పేరు సార్థకమైనది. జీడి బ్రెజిలు దేశపు చెట్టు, పోర్చుగీసువారు తెచ్చినది, ఈనాడు పలాస జీడిపప్పు అనిన ఇది మన సొంతమే అనునంతగా కలిసిపోయినది. వచ్చినవానిని తనవానిగా చేసికొను గుణము ఈ నేలకు కలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరమును దాటినప్పుడు ఒక్క రాత్రిలో ఆ తోటలు నేలమట్టమైనవి. కొబ్బరి మొక్క నాటిన ఆరేడు ఏండ్లకు గాని కాపునకు రాదు. తాత నాటిన చెట్టు కూలినచో నష్టము ఒక పంటది కాదు, ఒక తరముది.

మహాభారతము ఆనుశాసనిక పర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన ఒక చిలుక కథ ఇచ్చట స్మరింపదగినది. వేటగాని విషబాణము గురి తప్పి ఒక మహావృక్షమునకు తగిలెను. చెట్టు ఎండిపోయెను. పక్షులన్నియు ఎగిరిపోగా ఒక్క చిలుక మాత్రము ఆ తొఱ్ఱలోనే ఉండి కృశింపసాగెను. ఇంద్రుడు బ్రాహ్మణ రూపమున వచ్చి, ఫలపుష్పములతో నిండిన చెట్లు ఇన్ని ఉండగా ఈ మోడును పట్టుకొని ఏల యున్నావని అడిగెను. ఇందులో పుట్టితిని, ఇందులో పెరిగితిని, శత్రువులనుండి ఇది నన్ను కాచినది, ఇప్పుడెట్లు విడుతునని చిలుక సమాధానము. ఇంద్రుడు సంతసించి వరము కోరుమనగా, చిలుక తనకై ఏమియు కోరలేదు. చెట్టు చిగురింపవలెనని కోరెను. తిత్లీ అనంతరము అప్పు తెచ్చి, ఇసుకనేలలో మరల కొబ్బరి మొక్కలు నాటిన ఉద్దానపు రైతులు ఆ కథను వినియుండిన నేమి, వినకున్న నేమి?

ఉద్దానమున తుపాను కంటె క్రూరమైన బాధ మరియొకటి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలములలో మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా కుటుంబములను దహించుచున్నది. పొలములో పని చేయువారు, నడివయస్కులు దీనికి ఎక్కువగా గురియగుచున్నారు. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, లోహములు అని అనేక కోణములలో పరిశోధనలు జరిగినను, ఇదియే కారణమని ఒక్క దానిని శాస్త్రజ్ఞులు నిర్ధారింపలేదు. వంశధార నుండి హిరమండలము జలాశయపు నీటిని కొళాయిల ద్వారా ఉద్దానమునకు తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల మూత్రపిండ పరిశోధన ఆస్పత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించిరి.

ఇచ్చట ప్రవచనకర్తలకు ఒక మనవి. ఈ వ్యాధి పూర్వజన్మ పాపఫలమని వేదిక మీద చెప్పుట కొన్ని చోట్ల వినబడుచున్నది. రక్తశుద్ధికై వారమునకు రెండు మూడు మార్లు ఆస్పత్రికి పోవుచున్న కొడుకును ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ మాట వినుచున్న తల్లి ముఖమును ఒకసారి చూడుడు. కాళియుడు మడుగులో విషము నింపినప్పుడు, ఆ నీరు త్రాగి పడిపోయిన గోపబాలురను శ్రీకృష్ణుడు మీ పాపమేమని అడుగలేదు. వారిని లేపెను, పిమ్మట మడుగులోనికి దిగెను. ఏ నీరు త్రాగుచున్నాము, ఆ బావి లోతు ఎంత, అందులో ఏమున్నదో పరీక్ష జరిగినదా, చేలో చల్లిన మందు డబ్బా ఎక్కడ పారవేసితిమి అని అడుగుట నేర్పుడు. ఈ ప్రశ్నలు నాస్తికత్వము కాదు.

తీరమునకు మరల వత్తము. శ్రీకూర్మములో శ్రీమహావిష్ణువు కూర్మరూపమున పూజలందుకొనుట మన జిల్లా భాగ్యము. ఆలయ ప్రాంగణమున నక్షత్ర తాబేళ్ళను చూచి పిల్లలు సంతోషింతురు. అదే తాబేటి కులమునకు చెందిన ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేళ్ళు శీతకాలపు చివర మన ఇసుకతీరములకు రాత్రివేళ వచ్చి, ఇసుకను త్రవ్వి నూరు వరకు గుడ్లు పెట్టి, గుంత పూడ్చి మరలిపోవును. నలువది అయిదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. ఇసుక వేడిని బట్టి ఆడదో మగదో నిర్ణయమగును. ఇసుక మిక్కిలి వేడియైనచో ఎక్కువగా ఆడపిల్లలే పుట్టును. లోకము వేడెక్కుచున్నదనెడి మాటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమును బడిపిల్లవానికి ఎక్కడ చూపగలము? పుట్టిన పిల్ల చీకటిలో వెలుగుచున్న సముద్రపు హోరిజము వైపు ప్రాకును. తీరమున విద్యుద్దీపములు వెలుగుచున్నచో దారి తప్పి ఊరివైపు ప్రాకి, కుక్కలకు, కాకులకు ఆహారమగును. పెద్ద తాబేళ్ళు అనేకము మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చనిపోయి ఒడ్డుకు కొట్టుకొనివచ్చును.

మాఘపౌర్ణమి సముద్రస్నానములు సరిగా ఈ గుడ్ల కాలముననే వచ్చును. వేలాది భక్తులు రాత్రినుండియే తీరమునకు చేరుదురు. దీపములు, మైకులు, మోటారు బండ్ల చక్రములు, ప్లాస్టికు సంచులు. ఎవని అవతారమును స్మరించుచు మునుగుచున్నామో, ఆ రూపము పాదముల క్రింద అడుగు లోతున ఇసుకలో ఉన్నది. బండ్లను తీరమునకు దూరముగా నిలుపుట, సముద్రము వైపు దీపములను ఆర్పుట, సంచులను వెనుకకు తెచ్చుకొనుట – వీనికి ధనము అక్కరలేదు. ముందుగా చెప్పువారు కావలెను. ఆలయములో ఊరేగింపు సమయమును చెప్పు మైకులోనే ఈ నాలుగు మాటలును చెప్పవచ్చును.

పాఠశాలలలో ఈ విద్య లేదా అని కొందరు అడుగవచ్చును. ఉన్నది. 1976లో రాజ్యాంగమునకు చేసిన సవరణతో ప్రకృతిని కాపాడుట, ప్రాణులయందు దయ కలిగియుండుట పౌరుని ప్రాథమిక విధులలో చేరినవి. 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు విద్యాసంస్థలలో పర్యావరణమును తప్పనిసరి పాఠ్యాంశముగా బోధింపవలెనని ఆదేశించినది. పుస్తకములు వచ్చినవి, పరీక్షలు వచ్చినవి, మార్కులు వచ్చినవి. అమెజాను అడవుల గురించి అయిదు మార్కుల సమాధానము వ్రాయు విద్యార్థి తన బడి వెనుక తంపరలో వానకాలమున నీరు ఎంతవరకు వచ్చునో చెప్పలేకున్నాడు. 1977లో జార్జియా దేశపు తిబిలిసీ నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము ఈ విద్యకు అయిదు లక్ష్యములను నిర్ణయించినది: ఎరుక, జ్ఞానము, వైఖరి, నైపుణ్యము, పాల్గొనుట. మన వేదాంతమున శ్రవణ మనన నిదిధ్యాసనములని మూడు మెట్లు చెప్పబడినవి. పాఠశాల శ్రవణము దగ్గర ఆగినది. దేవాలయము, నిజము చెప్పవలెనన్న, శ్రవణమునకు కూడ పూనుకొనలేదు.

పూనుకొనుటకు మనకు క్రొత్త గ్రంథము అక్కరలేదు. వినాయకచవితి పూజనే తీసికొనుడు. ఇరువదియొక్క పత్రములతో స్వామిని అర్చించుచున్నాము. మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతము, దానిమ్మ, మరువము, వావిలి, జాజి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు – ఇది పూజావిధానమే గాక, ఒక వృక్షశాస్త్ర పాఠము. వెనుకటి దినములలో పిల్లలు ముందునాటి సాయంకాలము చేలగట్లు, దిబ్బలు తిరిగి పత్రి కోసికొని వచ్చెడివారు. ఏ ఆకు ఎక్కడ పెరుగునో, ఏ కొమ్మకు ముల్లుండునో, ఏ ఆకు నలిపిన వాసన వచ్చునో కాళ్ళకు, చేతులకు తెలిసెడిది. ఇప్పుడు బజారులో కట్ట దొరకుచున్నది. అందులో సగము ఏమి ఆకులో అమ్మువానికిని తెలియదు, కొనువానికిని తెలియదు. దేవదారు హిమాలయ వృక్షము. ఆ పేరుతో మన బజారులో ఇచ్చునది ఏ గట్టు మీది కొమ్మయో స్వామికే ఎరుక. ఊరిలో మారేడు చెట్టు ఎన్ని మిగిలినవి, జమ్మి ఉన్నదా, మద్ది చివరిసారి ఎవరు చూచిరి అని పిల్లలు తిరిగి లెక్క వ్రాసికొని వచ్చి, లేనివానిని ఆలయపు ఆవరణలో నాటి, మరుసటి చవితికి తమ చేతులతో కోసినచో ఆ పూజకు గల రుచి వేరు. మృత్తికతో బొమ్మ చేయుట కూడ అట్టిదే. ఏ చెరువు మన్ను బొమ్మకు నిలుచునో కుమ్మరి వద్దకు పోయి అడిగిన బాలుడు, ఆ చెరువును ఇంక మురికిగుంటగా చూడలేడు. రంగులు పూసిన ప్లాస్టరు బొమ్మను కొన్నవానికి చెరువుతో పని నిమజ్జనము నాడు మాత్రమే. ఆ నాడు కూడ మేలు చేయుటకు కాదు.

ప్రసాదము ఇచ్చు దొన్నెల విషయమున మాత్రము ఎక్కువ చెప్పను. మన ఏజెన్సీ కొండలలో అడ్డాకు ఏరి విస్తళ్ళు కుట్టు గిరిజన స్త్రీలు ఉన్నారు. వారి విస్తరి తిన్న తరువాత పశువు తినును, లేదా మట్టిలో కలియును. థర్మాకోలు పళ్ళెమును తిన్న పశువు సంగతి గోశాలలవారిని అడుగుడు.

చవితి వెళ్ళిన కొలది వారములకు తేలినీలాపురమునకు తొలి పక్షులు చేరును. దీపావళి నాటికి గూళ్ళు ఏర్పడి యుండును. ఆ ఊరి పరిసరములలో బాణసంచా కాల్చువారు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక. కార్తికమాసమున వనభోజనములకు పోవు భక్తబృందములు ఈ ఏడాది పిల్లలను వెంటబెట్టుకొని, ఒక ఉదయము చెట్లకు దూరముగా నిలిచి గూళ్ళను లెక్కింపవచ్చును. ఒక నోటుపుస్తకము చాలును: తేది, చెట్టు పేరు, గూళ్ళ సంఖ్య, ఆనాడు తంపరలో నీరు ఎంతవరకు ఉన్నది. మరుసటి కార్తికమున అదే పుస్తకమును తీసికొని అదే చెట్టు క్రిందికి పోవలెను.